పనిముట్ల బండి మారుస్తున్నారా? ముందు సామాను తూచండి, తర్వాత బండి చూడండి

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో తెల్లవారుజామున రోడ్డు మీద నిలబడితే ఈ దృశ్యం తరచూ కనిపిస్తుంది. చిన్న ట్రక్కులో ఒక మూల ఆయిల్ ఇంజను, పక్కన నీళ్ల డ్రమ్ము, నాలుగు ఎరువు బస్తాలు, క్యాబిన్ మీదుగా ముందుకు పొడుచుకొచ్చిన పైపులు ఉంటాయి. వీటన్నిటి మీద ఐదారుగురు కూలీలు కూర్చుని ఉంటారు. ఏళ్ల తరబడి ఇలాగే వెళ్తున్నాం, ఏమీ కాలేదు కదా అనిపిస్తుంది. అయితే వ్యవసాయ కూలీలతో వెళ్తున్న బండి బోల్తా పడిందన్న వార్త కూడా మనకు కొత్త కాదు.

పాత బండి మార్చి కొత్తదో, సెకండ్ హ్యాండ్‌దో తీసుకునే సమయమే ఈ అలవాటు మార్చుకోవడానికి సరైన అదను. బండి ఎంపిక, కాగితాలు, వెనుక బాడీలో సామాను అమరిక గురించి చిన్న రైతులు తెలుసుకోవాల్సిన విషయాలు ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

అసలు బండి మార్చాలా?

ముందు ఒక నోటు పుస్తకం తీసుకుని గత 12 నెలల్లో పాత బండికి పెట్టిన మరమ్మతు ఖర్చు రాయండి. బండి షెడ్డులో ఉన్న రోజుల్లో అద్దె బండికి ఇచ్చిన డబ్బు కూడా కలపండి. ఈ మొత్తాన్ని కొత్త బండికి కట్టాల్సిన ఏడాది వాయిదాలతో పోల్చండి.

ఉదాహరణకు 4 లక్షల రూపాయల అప్పు, 11 శాతం వడ్డీ, 4 ఏళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా సుమారు రూ.10,340 అవుతుంది. అంటే ఏడాదికి రూ.1.24 లక్షలు. నెలకు 12 సార్లే బండి కదిలితే ఒక్కో ట్రిప్పు మీద డీజిల్ పోయకముందే రూ.860 పడినట్టు. మీ ఊర్లో అద్దె బండి అంతకంటే తక్కువకు వస్తుంటే సొంత బండి ఇప్పుడే అవసరం లేదు. నలుగురు రైతులు మాట్లాడుకుని ఒకే బండిని వంతులవారీగా అద్దెకు పెట్టుకోవడం మేలు.

అయితే కింది లక్షణాలు కనిపిస్తే పాత బండి మీద ఇంకా డబ్బు పెట్టకండి.

- వెనుక కమాన్ కట్టలు బిగించే చోట ఛాసిస్‌కు పగులు రావడం, అక్కడ ఇప్పటికే ఒకసారి వెల్డింగ్ చేసి ఉండటం.
- ఇంజను బోరుకు వచ్చి నీలం రంగు పొగ వదలడం.
- బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం, సరిచేయించినా నెలలోపే మళ్లీ అదే కావడం.
- ఎఫ్‌సీ గడువు దగ్గరపడి, దానికోసం చేయించాల్సిన పని ఖర్చు బండి అమ్మకపు ధరలో సగం దాటడం.

రవాణా వాహనానికి మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ప్రతి ఏటా ఎఫ్‌సీ చేయించాలి. 15 ఏళ్లు దాటిన బండ్లకు రుసుము కూడా బాగా పెరుగుతుంది. పాత బండి ధర చూసేటప్పుడు ఈ ఖర్చు మరవకండి.

ఏ బండి అన్నది మీ సామానే చెప్పాలి

చాలామంది పక్కింటాయన ఏది కొన్నాడో చూసి అదే కొంటారు. అలా కాకుండా మీరు మామూలుగా ఒక ట్రిప్పులో వేసుకెళ్లే సామానంతా ఒకసారి కాటా మీద తూచండి. పత్తి కాటా అయినా, వే బ్రిడ్జి అయినా సరిపోతుంది.

ఆర్‌సీలో రెండు బరువులు ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది సరుకుతో కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు. ఈ రెండింటి మధ్య తేడాయే మీరు వేయగల బరువు. క్యాబిన్‌లో కూర్చున్న మనుషుల బరువు కూడా అందులోకే వస్తుంది.

ఒక నిమ్మ తోట రైతు లెక్క చూద్దాం.

- 200 లీటర్ల నిండు నీళ్ల డ్రమ్ము: 210 కిలోలు
- నాలుగు డీఏపీ బస్తాలు: 200 కిలోలు
- పవర్ వీడర్: 100 కిలోలు
- స్పానర్లు, పైపు రెంచి, పారలు, గడ్డపారలు ఉన్న పెట్టెలు: 60 కిలోలు
- బాడీలో కొత్తగా వేయించిన ప్లేటు, చట్రం: 100 కిలోలు
- డ్రైవరు, పక్కన ఒకరు: 130 కిలోలు

మొత్తం 800 కిలోలు. టాటా ఏస్ తరగతి చిన్న ట్రక్కుల సామర్థ్యం సుమారు 750 కిలోలు. అంటే ఒక్క కూలీ కూడా ఎక్కకముందే హద్దు దాటిపోయింది. ఇదే రైతు డ్రమ్మును ఖాళీగా తీసుకెళ్లి తోటలోని బోరు దగ్గర నింపుకుంటే 200 కిలోలు తగ్గి, బరువు 600కు దిగుతుంది. బండి మార్చకుండానే సమస్య తీరుతుంది.

వరి రైతులు ఇంకో లెక్క గుర్తుంచుకోవాలి. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. పుట్టి ధాన్యం వేసిన రోజున 750 కిలోల బండి 100 కిలోల అధిక బరువుతో వెళ్తున్నట్టే. సోమశిల కాలువల కింద వరి పండించి, కోతల్లో ధాన్యం కూడా ఇదే బండిలో వేయాలనుకునేవారు టన్నుకు పైబడి మోసే బొలెరో పికప్, దోస్త్ తరగతి బండ్లు చూసుకోవాలి. ఉదయగిరి వైపు మెట్టలో బోరు మోటారు, స్ప్రేయర్, బ్రష్ కట్టర్, డ్రిప్ సామాను మాత్రమే తిప్పేవారికి చిన్న ట్రక్కు చాలు. పెద్ద బండి కొంటే వాయిదా, టైర్లు, డీజిల్ అన్నీ పెరుగుతాయి.

కొందరు చిన్న బండికే అదనపు కమాన్ కట్ట వేయించి టన్నున్నర ఎక్కిస్తారు. కట్ట వేస్తే బండి వెనుక భాగం కిందికి కుంగదు, అంతే. బ్రేకులు, యాక్సిల్, టైర్లు పాతవే. సీతారామపురం వైపు ఏటవాలు దారుల్లో బండిని ఆపాల్సింది బ్రేకులే కానీ కట్టలు కావు.

సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు

మెకానిక్కును వెంట తీసుకెళ్లండి. అతనికి ఇచ్చే కూలి వృథా కాదు. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి చూడండి. మీరు వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంటే ఎందుకో అడగండి. బండి కింద పడుకుని ఛాసిస్ మొత్తం టార్చి వేసి చూడండి. కొత్తగా నల్ల రంగు వేసిన చోటు కనిపిస్తే అక్కడ వేలితో గోకి చూడండి.

టైరు మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే అది 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి లోతు బాగున్నా ఆరేడేళ్లు దాటిన టైరు బరువు మోయడానికి నమ్మకమైనది కాదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండకూడదు.

ఆర్‌సీ వివరాలను ఎం-పరివాహన్ యాప్‌లో చూసుకోండి. ఎఫ్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులు, పన్ను, గ్రీన్ ట్యాక్స్ బాకీలు, ఈ-చలాన్లు అన్నీ సరిచూడండి. ఫైనాన్స్ ఉంటే కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 తప్పనిసరిగా తీసుకోండి. యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 కావాలి. బండి వేరే రాష్ట్రానిదైతే ఫారం 28 కూడా కావాలి.

ఇక్కడ అమ్మేవారికి కూడా ఒక హెచ్చరిక. పాత బండి అమ్మి డబ్బు తీసుకుని, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేయడం మన దగ్గర మామూలు. కొన్నవారు పేరు మార్పించుకోకుండా తిప్పుతుండగా ప్రమాదం జరిగితే, ఆర్‌సీలో పేరున్నవారే యజమానిగా బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. బండి మీ ఇంటి ముందు నుంచి వెళ్లిపోయి రెండేళ్లయినా నష్టపరిహారం నోటీసు మీకే రావచ్చు. అందుకే పేరు మారేదాకా వెంటపడండి. మారిన ఆర్‌సీ నకలు తీసుకుని దాచుకోండి.

కొత్త బండికి ధర, అప్పు

2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అందువల్ల పాత ధరల పట్టికలు నమ్మకుండా కొత్త కొటేషన్ అడగండి. షోరూం ధర కాకుండా రిజిస్ట్రేషన్, పన్ను, బీమా, బాడీ పని అన్నీ కలిపిన మొత్తం రాయించుకోండి.

బండిని కిరాయికి కూడా తిప్పి ఆదాయం పొందాలనుకుంటే బ్యాంకులో ముద్ర రుణం గురించి అడగవచ్చు. 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ విభాగాలు ఉన్నాయి. బంగారం తాకట్టు పెట్టి మొదటి చెల్లింపు కట్టకండి. పంట దెబ్బతిన్న ఏడాది రెండు వాయిదాలూ మీద పడతాయి.

లైసెన్సు, పర్మిట్, బీమా

సొంత పనిముట్లు తీసుకెళ్లినా సరే, ట్రక్కు అంటే రవాణా వాహనమే. పసుపు నంబరు ప్లేటు, ఎఫ్‌సీ తప్పవు. అయితే చిన్న రైతుకు రెండు వెసులుబాట్లు ఉన్నాయి.

- గరిష్ఠ బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు.
- ఎల్‌ఎంవీ లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు ఇచ్చింది. ప్రత్యేక బ్యాడ్జి లేదని బీమా కంపెనీ పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదు.

హద్దు మించి బరువు వేస్తే 2019 సవరణ చట్టంలో రూ.20,000, ఆపై ప్రతి అదనపు టన్నుకు రూ.2,000 జరిమానా ఉంది. సరుకు బాడీ దాటి పక్కలకు, ముందుకు, వెనక్కు పొడుచుకు వచ్చినా రూ.20,000 వరకు జరిమానా పడుతుంది.

బీమా తీసుకునేటప్పుడు సొంత సామానుకే వాడతారా, కిరాయికి కూడా తిప్పుతారా అన్నది నిజం చెప్పండి. రెండింటికీ ప్రీమియం వేరు. తక్కువ ప్రీమియం కోసం సొంతానికని రాయించి కిరాయికి తిప్పితే, ప్రమాదం రోజున ఆ పాలసీ చేతికి అందదు. యజమానే నడిపితే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో చూసుకోండి.

వెనుక బాడీలో మనిషిని ఎక్కించవద్దు

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి. సరుకు బండి వెనుక ప్రయాణించే మనుషులకు ఆ బండి బీమా వర్తించదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో తేల్చింది. సరుకు యజమాని లేదా అతని ప్రతినిధిగా వచ్చే వ్యక్తికి చట్టంలో రక్షణ ఉంది. పనికి తీసుకెళ్లే కూలీలకు ఆ రక్షణ లేదు. ఏదైనా జరిగితే పరిహారం బండి యజమాని కట్టాలి. మూడెకరాల రైతుకు అంటే పొలం అమ్ముకోవడమే.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, మీ కయ్యలో పనికి వచ్చే ఆడవాళ్లు మీ ఊరివాళ్లే. వాళ్ల పిల్లలు మీ పిల్లలతోనే బడికి వెళ్తారు. ఇంజను పక్కన, పారల మధ్య కూర్చున్న మనిషికి బండి ఒక గుంతలో ఎగిరినా చాలు, ఇనుము మీద పడుతుంది. కూలీలకు ప్రయాణికుల ఆటో మాట్లాడండి. లేదంటే బస్సు వేళకు పని మొదలుపెట్టండి. ఆ ఖర్చును కూలి లెక్కలోనే కలుపుకోండి.

బాడీ లోపల అమరిక

*అడుగు భాగం:* చాలామంది 3 మిల్లీమీటర్ల చెకర్ ప్లేటు వేయిస్తారు. 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు బాడీకి అది సుమారు 80 కిలోలు తూగుతుంది. ఒక మనిషి బరువు కంటే ఎక్కువ. దాని బదులు 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ వేసి పైన రబ్బరు చాప పరిస్తే బరువు సగానికి పైగా తగ్గుతుంది. సామాను జారదు కూడా.

*ముందు జాలీ:* క్యాబిన్ వెనుక గట్టి ఇనుప జాలీ ఉండాలి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సామాను తన బరువులో 80 శాతం బలంతో ముందుకు నెడుతుంది. మలుపులో 50 శాతం బలంతో పక్కకు లాగుతుంది. 100 కిలోల వీడర్ అంటే 80 కిలోల తోపుడు. కట్టే మోకు, బెల్టు ఆ బలాన్ని ఆపాలి.

*కట్టే కొక్కేలు:* బాడీ నేలలో కనీసం ఆరు చోట్ల ఇనుప రింగులు బిగించండి. కింద మందపాటి వాషరు ప్లేటు వేసి బోల్టుతో బిగించాలి. ఛాసిస్‌కు రంధ్రం పెట్టకూడదు, వెల్డింగ్ చేయకూడదు. ఇంజను, వీడర్ లాంటి బరువైన వాటికి రాట్చెట్ బెల్టు వాడండి. మోకు ప్రయాణంలో వదులవుతుంది. నాలుగైదు కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆగి బిగింపు చూసుకోండి.

*బరువు ఉండే చోటు:* బరువైనవి కింద, వెనుక యాక్సిల్‌కు కొంచెం ముందు ఉండాలి. మరీ వెనక్కి పెడితే ముందు చక్రాల పట్టు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. ఎడమ, కుడి పక్కల బరువు సమానంగా ఉంచండి.

*పనిముట్ల పెట్టెలు:* బాడీ రెండు పక్కలా పొడవైన తాళం పెట్టెలు పెట్టుకోండి. ఒకదానిలో స్పానర్లు, రెంచి, ఫ్యూజు వైరు, టేపు ఉంచండి. రెండో దానిలో కొడవళ్లు, మచ్చుకత్తులు పదును వైపు గోనె చుట్టి పెట్టండి. పారలు, గడ్డపారలు నిలువుగా జాలీకి బిగించే పట్టీల్లో ఉండాలి. మూత లోపలి వైపు సామాను జాబితా అతికిస్తే, సాయంత్రం కయ్యలో ఏది మరిచిపోయారో అక్కడే తెలుస్తుంది.

*పురుగుమందులు:* ధాన్యం, దాణా, అన్నం క్యారియర్లకు తగలకుండా వేరే మూత పెట్టెలో పెట్టాలి. పురుగుమందుల నిబంధనలు కూడా ఇదే చెబుతున్నాయి. క్యాబిన్‌లో ఎప్పుడూ పెట్టవద్దు. స్ప్రేయర్‌కు వాడే పెట్రోలు క్యాను కూడా క్యాబిన్‌లో వద్దు.

*నీళ్ల డ్రమ్ము:* నింపితే పూర్తిగా నింపండి, లేదా ఖాళీగా తీసుకెళ్లండి. సగం నీళ్లు మలుపులో ఒక పక్కకు కొట్టి బండిని లాగుతాయి.

*పైపులు:* పీవీసీ, స్ప్రింక్లర్ పైపులు 20 అడుగులుంటాయి. 7 అడుగుల బాడీలో అవి పట్టవు. కొట్టువాళ్లనే ట్రాక్టరు ట్రాలీలో పంపించమనండి, లేదా నలుగురు రైతులు కలిపి ఒకేసారి తెప్పించుకోండి. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బద్వేలు వెళ్లే 67వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు వేగంగా వస్తాయి. చీకట్లో వెనక్కి పొడుచుకొచ్చిన పైపు బైకు మీద వచ్చేవారికి కనిపించదు.

*ఎక్కించే పలకలు:* వీడర్ ఎక్కించడానికి పలక పొడవు బాడీ ఎత్తుకు మూడింతలు ఉండాలి. రెండున్నర అడుగుల ఎత్తుకు ఏడున్నర అడుగుల పలక కావాలి. పైచివర బాడీకి తగులుకునే కొక్కెం పెట్టించండి.

*లైట్లు:* ముందు తెల్ల, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అతికించండి. బాడీలో అదనపు లైటు పెడితే ఫ్యూజు తప్పనిసరి. చిన్న మంటలార్పే సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె చేతికి అందే చోట ఉంచండి.

బాడీ పొడవు, ఎత్తు పెంచాలన్నా, ఇంధనం మార్చాలన్నా 52వ సెక్షన్ ప్రకారం ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించాలి. బోల్టులతో బిగించి, విప్పుకోగలిగిన అమరికే చేయించండి. ఎఫ్‌సీకి వెళ్లేటప్పుడు ఇబ్బంది ఉండదు. తర్వాత బండి మార్చినా ఆ పెట్టెలు కొత్త బండికి పనికొస్తాయి.

బయలుదేరే ముందు ఐదు నిమిషాలు

1. టైర్ల గాలి, స్టెప్నీ చూడండి.
2. బ్రేకు, ఇండికేటర్లు, వెనుక లైటు పనిచేస్తున్నాయా చూడండి.
3. బరువైన ప్రతి వస్తువును చేత్తో ఊపి చూడండి. కదిలితే మళ్లీ కట్టండి.
4. పదునైనవి, మందులు వాటి వాటి పెట్టెల్లో ఉన్నాయా చూడండి.
5. వెనుక బాడీలో మనిషి లేడని చూసుకుని బండి తీయండి.

బండి కొనేది పని తేలిక కావడానికి. ఈ వారం తీరిక దొరికినప్పుడు మీ సామానంతా ఒకసారి కాటా మీద పెట్టండి. ఏ బండి కొనాలో, అసలు కొనాలో వద్దో ఆ అంకె చూశాక నిర్ణయించుకోండి.